పసుపు కింద బాణం గుర్తు

నేను ఒక కేబుల్‌ను. సన్నటి ఉక్కు తీగలు కొన్నింటిని మెలిపెట్టి, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు వేస్తే నేనయ్యాను. చిటికెనవేలంత లావు కూడా ఉండను గాని తొమ్మిది బారల పొడవుంటాను. పడవ ముందు భాగాన స్టీరింగు చక్రం, వెనక నీళ్ళలో మోటారు, మధ్యలో నేను. చక్రం దగ్గర కూర్చున్న మనిషి ఏమనుకుంటే అది మోటారుకు చేరవేయడం నా ఉద్యోగం. ఆ అనుకున్నది మంచిదో కాదో అడిగే అధికారం నాకు లేదు.

ఇప్పుడు నేను గోదావరి గట్టు కింద ఒక పోలీసు స్టేషను ఆవరణలో, పగిలిన పడవలో పడి ఉన్నాను. నా ఒంటికి ఒక అట్టముక్క కట్టి దాని మీద నంబరు వేశారు. ప్రమాదం జరిగిన తరవాత పరీక్ష చేయడానికి వచ్చిన ఉద్యోగి నన్ను రెండు చేతులతో గట్టిగా లాగి చూసి, 'కేబుల్ తెగలేదు, బాగానే ఉంది' అని రాసుకున్నాడు. ఆయన రాసింది అక్షరాలా నిజం. ఆ నిజమే ఒక మనిషిని దోషిని చేసింది. నేను తెగి ఉంటే అతను ఆ తరవాతి రెండు నెలలూ తలెత్తుకుని తిరిగేవాడు.

మొదటి నుంచి చెబుతాను.

నేను పుట్టింది ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను ఒక యంత్రానికి కట్టి, తెగుతానేమోనని లాగి చూశారు. తెగలేదు. మనుషులకు నా విషయంలో ఉన్న అనుమానం ఎప్పుడూ అదొక్కటే. ఎటు లాగుతున్నాం అన్న అనుమానం ఒక్క మనిషికి తప్ప ఎవరికీ రాలేదు. ఆ మనిషి గురించి కూడా చెబుతాను.

చక్రం, డ్రమ్ము, కప్పీలతో కలిపి నన్ను కాకినాడ షాపులో కొన్నవాడు ఒక రొయ్యల చెరువుల ఆసామి. కాలవలో తిరగడానికి ఆయనకొక చిన్న తెల్ల పడవ ఉండేది. చుట్టాలొచ్చిన రోజున నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చక్రం తిప్పేవాడు, చుట్టాలు ఫొటోలు తీసేవారు. నాలుగోసారికి ఆయన నడుం పట్టేసింది. ఆ తరవాత రొయ్యలకు తెగులొచ్చింది. పడవ పాకలోకి చేరింది. చుట్టలా పడి ఉన్న నా మధ్య ఒక కోడి చోటు చూసుకుని గుడ్లు పొదిగింది. మూడేళ్ళు అలా గడిచాయి. నా వల్ల ఎవరికీ ఏ హానీ జరగని రోజులు అవే.

ఆ పాకలోంచి నన్ను బయటికి తెచ్చినవాడు జిలానీ. రేవు పక్కన రేకుల షెడ్డులో పడవల మోటార్లు బాగుచేసేవాడు. తెచ్చింది సంగాడి నూకరాజు పడవ కోసం.

నూకరాజు మొగలిలంక మనిషి. చుట్టూ గోదావరి పాయలున్న ఆ లంక నుంచి అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పడవ ఆయనది. ఆయన మోటారు వయసులో నాకంటే చాలా పెద్దది. రంగు ఏనాడో పోయింది. మూత మీది పగుళ్ళకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉండేవి. తాడు లాగితే మూడోసారికి దగ్గి, నాలుగోసారికి లేచేది. దానికి ఒక చేతిపిడి ఉండేది. పడవ వెనక భాగాన్ని వాళ్ళు అమరం అంటారు. ఆ అమరంలో కూర్చుని, ఆ పిడి పట్టుకుని ఇరవై రెండేళ్ళు నడిపాడు నూకరాజు.

ఆ పిడి సంగతి మీరు ఇక్కడే తెలుసుకోవాలి. పిడితో నడిపే మోటారులో చెయ్యి ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. కుడికి తోస్తే ఎడమకు తిరుగుతుంది. కొత్తవాడికి తికమకగా ఉంటుంది. నూకరాజుకు అది ఊపిరి తీసుకున్నంత సులువు.

అయితే ఇరవై రెండేళ్ళ పాటు ఆ మోటారు వణుకు పిడిలోంచి ఆయన భుజంలోకి ఎక్కుతూనే ఉంది. చివరికి చెయ్యి చెవి దాకా కూడా లేవడం మానేసింది. చొక్కా తొడుక్కోవాలంటే భార్య పైడమ్మ సాయం పట్టాలి. దానికి తోడు ఈ మధ్య జనం మోటారు సైకిళ్ళతో సహా పడవెక్కుతున్నారు. వెనక కూర్చున్నవాడికి ముందున్న నీళ్ళు కనిపించవు. రేవుకు కొంచెం దిగువన, కట్టడం మధ్యలో ఆగిపోయిన వంతెన స్తంభాలు నదిలో నిలబడి ఉన్నాయి. నీళ్ళు నెమ్మదిగా ఉన్న రోజుల్లో వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. వరద రోజుల్లో ప్రవాహం ప్రతి పడవనూ వాటి వైపే లాగుతుంది. అందుకని ముందు కూర్చుని నడిపే ఏర్పాటు చెయ్యమని నూకరాజు జిలానీని అడిగాడు.

జిలానీ మోటారు పిడి ఊడదీసి, ఆ చోట ఒక ఇనుప చెయ్యి బిగించాడు. చక్రాన్ని పడవ ముందు భాగాన చెక్కకు కూర్చోబెట్టాడు. చక్రం వెనక డ్రమ్ముకు నన్ను నాలుగు చుట్లు చుట్టి, నా ఒక కొనను పడవ కుడి అంచు వెంట, రెండో కొనను ఎడమ అంచు వెంట కప్పీల మీదుగా నడిపించి, రెండింటినీ స్ప్రింగులతో ఆ ఇనుప చేతికి తగిలించాడు. వేగం పెంచడానికి, తగ్గించడానికి పాత మోటారు సైకిలు క్లచ్చు వైరు ఒకటి వేశాడు. పనివాడు. ఒక్క మేకు వృథా చేయలేదు.

మర్నాడు పొద్దున రేవు నిండా జనం ఉండగా నూకరాజు మొదటిసారి చక్రం పట్టుకున్నాడు. అప్పుడు జిలానీ నన్ను లోకమంతా చుట్టే తీరులోనే చుట్టి ఉంచాడు. చక్రం కుడికి తిప్పితే పడవ కుడికే పోవాలి. కాని నూకరాజు చెయ్యి పిడి దగ్గర నేర్చుకున్న చెయ్యి. పడవ కుడికి పోవాలని ఆయన చక్రాన్ని ఎడమకు తిప్పాడు. పడవ ఎడమకే పోయి, పక్కన కట్టిన వలల నావను గుద్దింది. వెనక్కు తీసి మళ్ళీ తిప్పాడు. ఈసారి రేవు గుంజను గుద్దింది. ఒక మేకపిల్ల నీళ్ళలోకి దూకేసింది.

"నూకరాజు మావా, పడవ నడుపుతున్నావా, దున్నని తోలుతున్నావా?" అన్నారు గట్టు మీద నుంచి.

"ముందు ఆ మేకకి ఇయ్యండ్రా సక్రం, అదైనా నడుపుద్ది!"

రేవంతా నవ్వింది. నూకరాజు కూడా నవ్వాడు. అయితే ఆయన వేళ్ళు చక్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలిసింది.

మధ్యాహ్నం జనం భోజనాలకు పోయాక, రేవు ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన జిలానీని పిలిచాడు.

"ఒరే జిలానీ, దీన్ని తిరగేసి సుట్టు."

"తిరగేసి అంటే?"

"నేను ఎడంకి తిప్పితే పడవ కుడికి ఎల్లాలి. నా సెయ్యి అదే ఎరుగును."

"తప్పు బాబాయ్. కారుకైనా లారీకైనా చక్రమంటే ఒకటే దారి. నాలుగు రోజులు పట్టు, అలవాటైపోద్ది."

"నాలుగు రోజులు ఆళ్ళందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. రేపు నీకు జొరమొచ్చి ఇంకోళ్ళు పట్టుకుంటే ఏం గతి?"

"నా పడవ ఇంకోడెందుకు పట్టుకుంటాడ్రా?"

"పట్టుకోరనే అనుకుందాం. పట్టుకుంటే?"

"గోదారి తల్లి సూసుకుంటాది."

జిలానీ చేతిలోని పానా కింద పెట్టాడు. "తల్లి చూసుకుంటాది, కాదన్ను. కానీ ముందు నన్ను అడుగుతాది కదా, ఎవడ్రా ఇలా చుట్టాడని."

ఎటు లాగుతున్నాం అని అడిగిన ఆ ఒక్క మనిషి ఇతనే. కాని చిన్నప్పటి నుంచి ఆ ఇంటి చేపల పులుసు తిన్నవాడు. తండ్రి వయసు వాడు రెండోసారి బతిమాలితే కాదనలేకపోయాడు. నన్ను డ్రమ్ము మీద నుంచి విప్పి, నాలుగు చుట్లూ ఎదురు దిక్కున చుట్టాడు. అయిదు నిమిషాల పని.

పని అయ్యాక కూడా అతనికి మనసు ఒప్పలేదు. షెడ్డుకు వెళ్ళి ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. చక్రం నడుమ అరచెయ్యంత మూత ఉంటుంది. దాని మీద వంకర తిరిగిన బాణం గుర్తు ఒకటి వేసి, దాని కింద పెద్ద అక్షరాలతో 'కుడికి తిప్పితే ఎడమకి' అని రాశాడు. ఆరేదాకా పక్కన కూర్చుని ఈగలు తోలాడు.

ఆ సాయంత్రం నూకరాజు పడవ నీళ్ళ మీద గీత గీసినట్టు నడిచింది. నవ్వినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఒక్క పూటలో నేర్చేసుకున్నాడన్నారు. ఆయన కాదనలేదు. ఆ ఏడాది ఉగాది వెళ్ళాక జిలానీ షెడ్డు మూసేసి మంగుళూరు ట్రాలర్ల మీద పనికి వెళ్ళిపోయాడు. ఇక ఆ రహస్యం తెలిసినవాళ్ళం నూకరాజు, నేను, ఆ ఎర్ర అక్షరాలు.

పైడమ్మకు భక్తి ఎక్కువ. పడవలో అమ్మవారు కూర్చునే చోటు చుక్కాని అని ఆమె నమ్మకం. చుక్కాని పట్టే చెయ్యి క్షేమంగా ఉంటే ఇల్లు క్షేమంగా ఉంటుంది. ఇప్పుడు చక్రమే చుక్కాని కాబట్టి శుక్రవారం తెల్లవారగానే పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇదేటయ్యా, అమ్మోరు కూకునే సోట ఈ ఎర్ర రాత?" అంది. ఆమెకు చదువు రాదు.

నూకరాజు మోటారు వైపు చూస్తూ, "జిలానీ షెడ్డు పేరులే," అన్నాడు.

"ఆడి షెడ్డు పేరు మన సక్రం మీదెందుకు?" అని ఆమె ఆ మూత నిండా పసుపు పూసింది. మూడు కుంకుమ బొట్లు పెట్టింది. బాణం కొన మీద ఒక బొట్టు పడింది.

నూకరాజు చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే కాదు, ఆయన గుండెల్లో ఏదో బరువు దిగినట్టు చక్రం మీది పట్టు కాస్త వదులైంది. నేను పసుపును తప్పుపట్టను. ఆమె అది పూసిన ప్రతిసారీ భర్త చల్లగా తిరిగి రావాలనే పూసింది. ఆ కోరిక దేవుడికి చేరిందా అంటే చేరే ఉంటుంది. కాని అదే దేవుడు జిలానీ చేత ఒక మాట రాయించాడేమో, దాన్ని మరో భక్తి చెయ్యి మూసేసిందేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. నేను తీగను, నాకు తెలియదు.

శుక్రవారాలు గడిచాయి. పసుపు మీద పసుపు పడి పెంకు కట్టింది. అక్షరాలు కనిపించకుండా పోయాయి.

నూకరాజుకు ధర్మారావు మేనల్లుడు, అల్లుడు కూడా. కూతురు రత్నాన్ని అతనికే ఇచ్చారు. ట్రాక్టరు డ్రైవరు. మడిలోనైనా గట్టు మీదనైనా చక్రం పట్టుకుంటే బండి అతని మాట వింటుంది. మావయ్య భుజం చూసి అతనికి జాలి.

"మావా, ఒక్క ట్రిప్పు నేనేత్తాను. నువ్వు కూకుని చుట్ట కాల్చుకో."

"నీకు ట్రాక్టరుంది గదరా."

"ట్రాక్టరు నీళ్ళలో నడవదు గదా!"

"అందుకే నువ్వు మడిలో ఉండు."

జనం ముసలాడికి పడవంటే పిచ్చి ప్రేమ అనుకునేవారు. ఎవరినీ చక్రం ముట్టుకోనివ్వడని చెప్పుకునేవారు, అందులో ఏదో గొప్పతనం ఉన్నట్టు. ఒకే ఒక్కసారి ఆయన చెప్పబోయాడు. ఆ రోజు భుజం మరీ బాధపెడుతోంది. ధర్మారావు టీ తెచ్చిచ్చాడు. ఇద్దరూ పడవ అంచున కూర్చున్నారు.

"ఒరే ధర్మా, ఈ సక్రం ఉంది సూడు..."

"ఊఁ, ఏటి మావా?"

నూకరాజు గ్లాసులో మిగిలిన టీ నీళ్ళలోకి ఒంపేశాడు. ఏడాదిగా రేవంతా తనను మెచ్చుకుంటోంది. ఈ అల్లుడు కూడా, "మా మావ ఒక్క పూటలో నేర్చాడు" అని పదిమందికి చెప్పుకున్నాడు.

"ఏం లేదు. గ్రీజు పెట్టాల," అన్నాడు.

ధర్మారావు ఆ సాయంత్రమే గ్రీజు తెచ్చి నా కప్పీలన్నింటికీ పెట్టాడు. అంత నునుపుగా నేనెన్నడూ నడవలేదు. అందుకే నాకు భయం వేసింది. నేను నునుపుగా నడిచే కొద్దీ నాలోని తప్పు కూడా నునుపుగా నడుస్తుంది.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. ఎగువన ఎక్కడో కురిసిన వాన మట్టిని కలుపుకుని, చెట్ల మొదళ్ళు, గుర్రపుడెక్క దిబ్బలు మోసుకుంటూ గోదావరి పెరిగింది. లంక ఖాళీ చెయ్యాలని చాటింపు వేశారు. ఆ రోజు శుక్రవారం. ముంపు ముంగిట్లోకి వస్తున్నా పైడమ్మ పసుపు గిన్నె మరవలేదు. అన్ని రోజులకంటే మందంగా పూసింది. పూస్తూ పైకే అంది, "తల్లీ, ఈ ఒక్క రోజు గట్టెక్కించు."

పొద్దున నుంచి నూకరాజు నాలుగుసార్లు జనాన్ని దాటించాడు. అయిదోసారి పడవలో పదకొండు మంది, బియ్యం బస్తాలు, రెండు మేకలు. మూటలు ఎక్కించడానికి వచ్చిన ధర్మారావు కూడా ఎక్కాడు. పైడమ్మ, రత్నం ఆఖరి ట్రిప్పుకు వస్తామని గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళకు నది అంతా కనిపిస్తోంది.

నడి ఏటిలో ఒక గుర్రపుడెక్క దిబ్బ మోటారు ఫ్యానుకు చుట్టుకుంది. మోటారు దగ్గి ఆగిపోయింది. ప్రవాహం పడవను పక్కకు తిప్పుకుని స్తంభాల వైపు నడిపించడం మొదలుపెట్టింది. అమరంలోకి వెళ్ళి మోటారు ఎత్తి, ఆ డెక్క కాడలు కోస్తే తప్ప లాభం లేదు. ఆ మోటారు మొండితనం తెలిసినవాడు నూకరాజు ఒక్కడే.

ఆయన చక్రం వదిలి లేచాడు. "ధర్మా, ఇలా రా. సక్రం పట్టుకో. తిప్పకు. నేను సెప్పేదాకా అసలు తిప్పకు."

"అలాగే మావా."

తిప్పకు అన్నాడు. ఎందుకో అనలేదు. 'ఎదురు సుట్టి ఉందిరా' అంటే సరిపోయేది. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆయన నోరు తెరిచాడు కూడా. పదకొండు మంది ఆయన ముఖంలోకే చూస్తున్నారు. కత్తి తీసుకుని వెనక్కు వెళ్ళిపోయాడు.

పడవ కొట్టుకుపోతోంది. నూకరాజు ఒక చేత్తో కోశాడు, రెండో చెయ్యి లేవక పళ్ళతో కాడలు లాగాడు. మోటారు దించి తాడు లాగాడు. మూడోసారికి దగ్గింది. నాలుగోసారికి లేచింది. ఆయన ఇంకా వంగే ఉన్నాడు. ముందు స్తంభం వచ్చేసింది, నల్లగా, దాని మొదట్లో నీళ్ళు నురగలు కక్కుతూ. ఎడమ చేతి వైపు ఉంది. కుడికి తప్పుకోవడానికి చోటుంది. ఆడవాళ్ళు అరిచారు. "తిప్పరా ధర్మా! తిప్పు!"

ధర్మారావు మావయ్య మాట కోసం ఒక్కసారి వెనక్కు చూశాడు. తరవాత చక్రం కుడికి తిప్పాడు. ఏ డ్రైవరైనా అదే చేస్తాడు.

నేను లాగాను. చుట్టిన తీరునే లాగాను. పడవ ఎడమకు తిరిగింది.

మనిషి తాను చేసిన పని పారకపోతే అదే పనిని ఇంకా గట్టిగా చేస్తాడు. ధర్మారావు కుడికి, ఇంకా కుడికి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. పడవ ఇంకా తిన్నగా స్తంభం మీదికి పోయింది.

నూకరాజు తల ఎత్తాడు. ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైంది. "తిరగేసి తిప్పరా! తిరగేసి!" అని అరిచాడు. ఏడాదిగా గొంతులో దాచుకున్న మాట అది. మోటారు మోతలో, ఏడుపుల్లో అది అమరం దాటి ముందుకు పోలేదు. అప్పుడాయన రెండు చేతులతో, ఆ పనికిరాని భుజంతో సహా, మోటారును వాటేసుకుని ఎదురు దిక్కుకు నెట్టాడు.

ఆ కొన అల్లుడు, ఈ కొన మామ. ఇద్దరూ ఆ పదకొండు మంది కోసమే లాగుతున్నారు. మధ్యలో నేను. నా తీగల్లో ప్రతి పోగూ కీచుమంది. తెగిపోతే బాగుండునని నేను కోరుకున్న క్షణం అదొక్కటే. తెగితే మోటారు నూకరాజు చేతికి వచ్చేది. కాని ఫ్యాక్టరీలో నన్ను తెగకుండా చేశారు. నేను తెగలేదు.

పడవ ఎడమ పక్క స్తంభానికి తగిలి పగిలింది. అమరం గిరుక్కున తిరిగింది. మోటారును వాటేసుకున్న మనిషి ఆ విసురుకు ఎర్రనీళ్ళలో పడ్డాడు. చుట్టుపక్కల వలల నావలు వచ్చి అందరినీ ఎక్కించుకున్నాయి. పదకొండు మంది బతికారు. ధర్మారావు మావయ్య కోసం రెండుసార్లు దూకాడు, రెండుసార్లూ లాగి పైకి తీశారు. గట్టు మీద నుంచి పైడమ్మ చూస్తూనే ఉంది. నూకరాజు మూడో రోజున దిగువన మడ చెట్ల మధ్య దొరికాడు.

తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. మోటారు బాగుంది. చక్రం తిరుగుతోంది. కేబుల్ తెగలేదు. అయితే తప్పు చక్రం పట్టినవాడిదే.

"అమ్మతోడు సార్, కుడికే తిప్పాను. అది ఎడంకి పోయింది," అన్నాడు ధర్మారావు.

"బెదురులో నీకు కుడేదో ఎడమేదో తెలీలేదయ్యా," అన్నారు వాళ్ళు. కొంత కాలానికి అతను కూడా అదే నమ్మడం మొదలుపెట్టాడు. మడి గట్టు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి, ఇది కుడి, ఇది ఎడమ అని తనలో తాను అనుకునేవాడని కానిస్టేబుళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. రత్నం తండ్రి పటం వైపు తిరిగి కూర్చుని అతని ముఖం చూడడం మానేసింది. అతను ఇల్లు వదిలి ట్రాక్టరు షెడ్డులో ఉంటున్నాడు. రోజూ పొద్దున్నే స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలి. పెట్టి, గేటు పక్కన తల వంచుకుని కాసేపు కూర్చునేవాడు.

పడవను ఈడ్చుకొచ్చి ఈ ఆవరణలో పడేశారు. ఎడమ పక్క లేదు. కుడి పక్క, అమరం, మోటారు, చక్రం మిగిలాయి. చక్రం ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆశ్వయుజంలో వారం రోజులు ఒకటే వాన. ఏడాది పాటు పెంకు కట్టిన పసుపు నానింది, బీటలు వారింది, చిన్న చిన్న ముక్కలుగా ఊడి, పచ్చటి నీళ్ళై కారిపోయింది.

వాన వెలిసిన రోజున పైడమ్మ భర్త కత్తి, తువ్వాలు తీసుకెళ్ళడానికి వచ్చింది. సంతకం బదులు వేలిముద్ర వేసి, పడవ దగ్గరకు వచ్చి, అలవాటుగా చక్రాన్ని తాకి చెయ్యి కళ్ళకు అద్దుకోబోయి ఆగింది. ఎర్ర రాత కనిపించింది. మేరీ అనే కానిస్టేబులు అమ్మాయి అటు పోతుంటే పిలిచింది.

"పాపా, ఇదేటి రాసుందో సదువు. ఏదో షెడ్డు పేరంట."

మేరీ వంగి చూసింది. "షెడ్డు పేరు కాదమ్మా. 'కుడికి తిప్పితే ఎడమకి' అనుంది. పైన బాణం గుర్తుంది."

"ఇంకోపాలి సదువు."

మేరీ మళ్ళీ చదివింది.

పైడమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. గేటు దగ్గరకు నడిచింది. తల వంచుకుని కూర్చున్న ధర్మారావు మణికట్టు పట్టుకుంది.

"అత్తా," అన్నాడతను. రెండు నెలల్లో ఆమెతో అతను అన్న మొదటి మాట.

ఆమె అతన్ని పడవ దగ్గరకు తెచ్చి, చక్రం మీద చెయ్యి పెట్టించింది. "కుడికి తిప్పు."

"వొద్దత్తా."

"తిప్పరా."

అతను తిప్పాడు. నేను మిగిలి ఉన్న కుడి అంచు వెంట పాకుతూ లాగాను. తుప్పు పట్టిన మోటారు మూలుగుతూ తిరిగింది. దాని ఇనుప చెయ్యి కుడి వైపుకు వచ్చి ఆగింది. ఇరవై రెండేళ్ళు ఆ చోటనే ఉన్న పిడిని తన భర్త ఎటు తోస్తే పడవ ఎటు పోయేదో పైడమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిడి కుడికి తోశాడంటే పడవ ఎడమకే.

"నువ్వు కుడికే తిప్పావు," అంది ఆమె. "నువ్వు కుడికే తిప్పావురా ధర్మా. ఆయన నీకు సెప్పలేదు. నాకూ సెప్పలేదు. సెప్పిందాన్ని నేను పూసేసేను."

ధర్మారావు బురదలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేరీ లోపలికి పరిగెత్తి ఎస్సైగారిని పిలుచుకొచ్చింది. ఆయన చక్రం కుడికోసారి తిప్పి, ఎడమకోసారి తిప్పి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సాయంత్రం రత్నం వచ్చింది. చక్రాన్ని చూసి వెళ్ళిపోయింది. మర్నాడు ధర్మారావు సంతకానికి ఉతికిన చొక్కాతో వచ్చాడు.

కేసు ఏమవుతుందో నాకు తెలియదు. రాసిన కాగితం మారడానికి చాలా రోజులు పడుతుందట. నూకరాజును తలుచుకుంటే నాకు కోపం రాదు. పదకొండు ప్రాణాల కోసం ఆ భుజంతో మోటారును వాటేసుకున్న మనిషి. ఆ పని కంటే నలుగురిలో ఒక్క మాట ఒప్పుకోవడం ఆయనకు ఎందుకు అంత కష్టమైందో మాత్రం తీగ బుర్రకు అందడం లేదు.

పైడమ్మ ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం వస్తుంది. పసుపు గిన్నె తీసుకురాదు. చెంబుతో నీళ్ళు, ఒక పాత గుడ్డ తీసుకొస్తుంది. చక్రం మూత మీద పడిన దుమ్ము, ఆకులు తుడిచి, ప్రతి అక్షరం తేటగా కనిపించేదాకా రుద్దుతుంది. తరవాత చేతులు జోడిస్తుంది. ఆమె ఇన్నాళ్ళూ చేసిన పూజల్లో ఇదే పెద్దదని నాకనిపిస్తుంది.

కేసు కోసం ఫొటోలు తీసుకున్నారు, ఇక పడవ సామాను వేలం వేస్తారని గోడ మీద కాగితం అంటించారు. కొనాలనుకునేవాళ్ళు వచ్చి చూసిపోతున్నారు. నిన్న ఒకాయన వచ్చాడు. ఏ రేవు నుంచి వచ్చాడో చెప్పలేదు. నన్ను రెండు చేతులతో లాగి చూసి, "గట్టి కేబులు," అన్నాడు సంతోషంగా. చక్రం మీద రంగు వెలిసిందని, ఇంటికి తీసుకెళ్ళి మొత్తం కొత్తగా నీలం రంగు వేయిస్తానని పక్కవాడితో చెప్పాడు. మూత మీది రాతను అతను చూడలేదు. అతని తువ్వాలు దాని మీదే పెట్టాడు.

వేలం మంగళవారం. పైడమ్మ వచ్చేది శుక్రవారం.

నా చుట్టు విప్పమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. డ్రమ్ము మీద నేను ఇంకా నాలుగు చుట్లూ ఎదురు దిక్కునే ఉన్నాను.